గుగ్గిలం మలాం: మడమ పగుళ్లకు పూసే ముందు

చలి మొదలైతే మడమలు పగలడం, పచారీ కొట్టుకెళ్లి గుగ్గిలం అడగడం మనకు మామూలే. ఈమధ్య కరిగిన గుగ్గిలాన్ని వేడివేడిగా పగుళ్లలో పోసి చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఈ నాలుగు మాటలు అందుకే.

ముందు సరుకు. మలాముకు కావలసింది సాల చెట్టు నుంచి కారి గట్టిపడిన గుగ్గిలం. మహిసాక్షి అనే ధూపపు జిగురు వేరే చెట్టుది. కప్పు సాంబ్రాణిలో బొగ్గుపొడి, సెంటు కలుస్తాయి, అది పొగకే. పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కొందరికి దాంతో దద్దుర్లు లేస్తాయి.

60 గ్రాముల నువ్వుల నూనెకు 10 గ్రాముల గుగ్గిలం పొడి, 10 గ్రాముల తేనెమైనం. మందపాటి గిన్నెలో, సన్నని సెగ మీద నూనె కాచి పొడిని కొద్దికొద్దిగా జల్లుతూ కలపాలి. ఒక్కసారే పోస్తే అడుగున ముద్దకట్టి మాడుతుంది. కరిగాక మైనం వేసి పల్చటి గుడ్డలో వడకట్టాలి, బెరడు ముక్కలు, ఇసుక పోవాలి కదా.

ఇక కొంప ముంచేది: వేడి మీద పూయడం. కాగిన జిగురు నీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు చాలామందిలో స్పర్శ తగ్గుతుంది. “వెచ్చగా హాయిగా ఉంది” అంటారు. తెల్లారేసరికి బొబ్బ, తర్వాత పుండు. ఆ పుండు మానక వేళ్లు తీసేయాల్సి వచ్చినవాళ్లున్నారు. మలాం గడ్డకట్టాకే పాదం దగ్గరికి తేవాలి. గోరువెచ్చన కూడా వద్దు.

షుగర్ ఉండి పగులు లోతుగా ఉంటే ఈ మలామే వద్దు, డాక్టరుకు చూపించండి.
చీము, వాపు, రక్తం ఉన్నచోట పూయకండి. పైన మూతపడి లోపల కుళ్లుతుంది.
ముందు మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద పుడితే పారేయండి.
తడి కాలికి పూయొద్దు.
కాగే నూనెలో తడి గరిటె పెట్టొద్దు.
పొగ లేస్తే స్టవ్ ఆర్పండి. మంట అంటుకుంటే మూత పెట్టండి, నీళ్లు పోయకండి.
పిల్లలు వంటింట్లో ఉండగా కాచొద్దు.
పూసుకుని నున్నటి గచ్చు మీద నడవొద్దు. మేజోళ్లు వేసుకుని పడుకోండి.
మళ్లీ చెబుతున్నా, చల్లారాకే.
కాగిన జిగురు ఒంటి మీద పడితే పీకొద్దు, తోలు ఊడొస్తుంది. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టి, జిగురు అలాగే ఉంచి ఆసుపత్రికి వెళ్లండి.