రీఫ్ ట్యాంకులో నీళ్లు పాలలా మారితే

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. ముందు గాజు గ్లాసులో కొంచెం ట్యాంకు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున తెల్లపొడి పేరుకుంటే అది చాలావరకు కాల్షియం కార్బొనేట్. తెల్లారినా పల్చటి మజ్జిగలాగే ఉంటే బ్యాక్టీరియానే.

బ్యాక్టీరియా అయితే అసలు ప్రమాదం తెలుపు కాదు, అది పీల్చేయడంతో నీటిలో ఆక్సిజన్ పడిపోవడం. రాత్రిపూట మరీ ఎక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేయండి, పవర్‌హెడ్‌ను (నీటిని కదిపే చిన్న పంపు) నీటి పైభాగానికి తిప్పండి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఆపకండి.

నైట్రేట్ తగ్గించడానికి ట్యాంకులో వోడ్కా, వెనిగర్ పోస్తుంటే మానేయండి, అవి బ్యాక్టీరియాకు మేత. మేత సగానికి తగ్గించండి. రాళ్ల సందుల్లో చచ్చిన నత్త ఉందేమో వెతకండి. చాలాసార్లు మూలం అక్కడే. నీళ్లు 20 శాతం మార్చినా మూలం తీయకపోతే మళ్లీ తెల్లబడతాయి. అప్పటికీ మొండికేస్తే యూవీ స్టెరిలైజర్‌ను (అతినీలలోహిత కాంతితో బ్యాక్టీరియాను చంపే పరికరం) నెమ్మది ప్రవాహంతో 24 గంటలూ నడపండి.