రెండు గదుల ఇంట్లో హాయిగా ఉండటం ఎలా?

తెలంగాణలో 2015లో మొదలైన ప్రభుత్వ పథకం కింద కట్టిన రెండు పడక గదుల ఇంటి వైశాల్యం 560 చదరపు అడుగులు. ఇందిరమ్మ ఇంటికి కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. హనుమకొండలోనో కాజీపేటలోనో రెండు గదుల వాటాలో అద్దెకుండే కుటుంబాలకూ ఇలాంటి కొలతలు పరిచితమే. ఇంత చోటులో నలుగురు ఇబ్బంది లేకుండా ఉండాలంటే నేల ఖాళీగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. పగలు కూర్చోవడానికి, సాయంత్రం పిల్లలు చదువుకోవడానికి, రాత్రి పడుకోవడానికి ఆ నేలే పనికి రావాలి.

మొదట, కొత్త అలమార కొనే ఆలోచన పక్కన పెట్టి, నేలను ఆక్రమించిన ప్రతి వస్తువునూ కాగితం మీద రాసుకోండి. కిందటి బతుకమ్మ పండుగ నుంచి ఒక్కసారైనా వాడనిది ఏదైనా ఉంటే, అది అవసరమున్న వారికి ఇచ్చేయవచ్చు. అయితే పెద్దవాళ్ల ట్రంకు పెట్టె జోలికి మాత్రం వాళ్లను అడగకుండా వెళ్లకూడదు. అది మంచం కిందికి చేరితే చాలు.

రెండో పని సజ్జలను సరిగా వాడుకోవడం. ఏడాదికోసారి తీసే పెద్ద గిన్నెలు, చలికాలపు దుప్పట్లు పైకి వెళ్లాలి. రోజూ కావలసినవి చేతికందే ఎత్తులో ఉండాలి.

మూడోది పడక. దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న డబుల్ కాట్ సుమారు 39 చదరపు అడుగులు తీసుకుంటుంది, అంటే పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో దాదాపు మూడో వంతు పగలంతా ఎవరికీ పనికి రాకుండా పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఒక సన్నని మంచం తప్పక ఉంచి, మిగిలినవారికి నేత జంపఖానాలు, పలుచని పరుపులు వాడుకోవడం మేలు. మన కొత్తవాడ నేతన్నలు నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. నూలువి కాబట్టి వేసవిలో ఒంటికి హాయిగా ఉంటాయి, పొద్దున చుట్టి మూలన నిలబెడితే గది మళ్లీ గదవుతుంది. వారానికోసారి ఎండలో వేస్తే చెమట వాసన పట్టదు. మేడారం జాతరకు వెళ్తూ చుట్టాలు ఒక రాత్రి ఆగినా, ఇంకో రెండు పరిస్తే సరిపోతుంది.

వంటగదిలో ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు పేర్చే అలవాటును మానుకోవాలి. నెలకో రెండు నెలలకో సరిపడా ఒక డ్రమ్ములో పోసుకుంటే పురుగు బెడదా తగ్గుతుంది. కారం, మామిడికాయ తొక్కు మాత్రం ఏడాదికి పెట్టుకోవచ్చు, జాడీలకు పట్టే చోటు కొంచెమే. గ్యాస్ సిలిండర్‌ను నిలువుగా, పొయ్యి కంటే కింద, గాలి ఆడే చోట ఉంచాలి. లీకైన గ్యాస్ గాలి కంటే బరువైనది కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. సిలిండర్‌ను మూసిన చెక్క అరలో దాచడం చాలా ప్రమాదం.

ఇక ఎండ. మే నెలలో వరంగల్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, పై అంతస్తులో ఉండేవారు మార్చిలోనే డాబాను కడిగి తెల్లని సున్నం రెండు పూతలు వేయించాలి. పగలు తాగిన వేడిని స్లాబు రాత్రి లోపలికి వదులుతుంది. తెల్లని పూత ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. 2023లో వచ్చిన రాష్ట్ర కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాల లోపు స్థలాల్లోని ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేయలేదు, కానీ ఎక్కువగా అవసరమున్నది ఈ చిన్న ఇళ్లకే. కూలర్‌ను గది మధ్యలో కాకుండా కిటికీకి బయటివైపు అమర్చి, ఎదురుగా ఉన్న తలుపునో కిటికీనో కొద్దిగా తెరిచి ఉంచండి. లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే తేమ పేరుకొని ఉక్కపోత ఎక్కువవుతుంది; కూలర్ నడిచేటప్పుడు తడిబట్టల దండెం కూడా ఆ గదిలో ఉండకూడదు.