కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి: ఎండ చూసి మోసపోవద్దు

జనవరి టర్మ్‌కి వస్తున్న స్టూడెంట్లూ, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చి కుటుంబంతో దిగుతున్నవాళ్లూ ముందుగా అడిగేది ఒకటే: "అక్కడ ఎన్ని డిగ్రీలుంటుంది?" సగటున జనవరిలో పగలు మైనస్ 11, రాత్రి మైనస్ 21 దరిదాపుల్లో ఉంటుంది. కొన్ని రాత్రులు మైనస్ 30 కిందికీ పోతుంది. అయితే ఆ అంకె ఒక్కటే చూసి హడలిపోనక్కర్లేదు, ధీమాగా ఉండనూ కూడదు. గడప దాటే ముందు చూసుకోవాల్సినవి రెండు: గాలి ఎంత వేగంగా వీస్తోంది, మీరు ఎన్ని నిమిషాలు బయట నిలబడాలి.

వాతావరణం యాప్‌లో 'విండ్ చిల్' అని ఉంటుంది, ముందు దాన్ని చూడండి. మైనస్ 20 ఉన్న రోజు గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే పల్చటి వెచ్చటి పొరను గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోవడమే కారణం. విండ్ చిల్ మైనస్ 28కి దిగిందంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40కి దిగితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఒక బస్సు మిస్సయి ఇంకో బస్సు కోసం ఆగితే అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూసుకుంటూ లోపలే ఉండి, చివరి నిమిషంలో స్టాపుకి వెళ్లండి. ఆ ఫోన్ కూడా జాకెట్ లోపలి జేబులో ఉండాలి, పైజేబులో పెడితే చలికి ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది.

ఊరి చుట్టూ ప్రెయిరీ (చదునైన గడ్డి నేల) మైదానమే, గాలికి అడ్డమొచ్చే కొండ ఒక్కటి లేదు. డౌన్‌టౌన్‌లో పోర్టేజ్ అండ్ మెయిన్ కూడలి ఈ గాలికే పేరుమోసింది. చాలా బిల్డింగులను కలుపుతూ రోడ్డు పైన మూసిన వంతెనల్లాంటి స్కైవాక్‌లు ఉన్నాయి, వాటిని వాడుకోండి. యూనివర్సిటీ ఆఫ్ మానిటోబా ఫోర్ట్ గ్యారీ క్యాంపస్‌లో బిల్డింగుల మధ్య సొరంగ దారులున్నాయి. మొదటి వారంలోనే సీనియర్‌ని ఎవరినైనా పట్టుకుని ఆ దారులు తెలుసుకుంటే, క్లాసుకీ క్లాసుకీ మధ్య జాకెట్ తొడిగి విప్పే బాధ తప్పుతుంది.

ఇక ఎండ. పొద్దున కర్టెన్ తీస్తే ఆకాశం నీలంగా మెరుస్తుంది, కళ్లు చెదిరే ఎండ. మన వైపు అలవాటు కొద్దీ "ఈరోజు పర్లేదు" అనిపిస్తుంది. ఇక్కడ అలాంటి రోజే ఎక్కువ చలి. ఉత్తరం నుంచి దిగే పొడి ఆర్కిటిక్ గాలితో మబ్బులు విడిపోతాయి, రాత్రంతా నేల వేడి అడ్డులేకుండా ఆకాశంలోకి పోతుంది. మబ్బు పట్టి స్నో పడే రోజే నిజానికి కాస్త సుఖం. బాగా చలిగా ఉన్న పొద్దుల్లో సూర్యుడికి అటూ ఇటూ మరో రెండు వెలుగు మచ్చలు కనిపిస్తాయి. గాల్లోని ఐస్ స్ఫటికాలు చేసే తమాషా అది. కిటికీలోంచి చూసినా బాగుంటుంది! జనవరి మొదట్లో ఎనిమిదిన్నరకి గానీ సూర్యుడు రాడు, ఐదు కాకముందే అస్తమిస్తాడు. కాల్గరీలో ఉన్న ఫ్రెండ్ "మధ్యలో చినూక్ గాలి వచ్చి ఒక్కపూటలో వెచ్చబడుతుందిలే" అంటే నమ్మకండి. అది రాకీ పర్వతాల పక్కనున్నవాళ్ల అదృష్టం.

జాకెట్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనుక్కుని సూట్‌కేసు నింపుకోవద్దు. అక్కడ దొరికేవి చాలావరకు ఊటీ చలికి సరిపోయేవే. రావడానికి థర్మల్స్ రెండు జతలు, ఒక స్వెటర్, ఉన్న జాకెట్ చాలు. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్లేవాళ్లని ఒక పార్కా (టోపీ ఉన్న మందపాటి కోటు) అరువు తెమ్మనండి. ఇక్కడ పండగ సేల్స్ అయ్యాక ధరలు తగ్గుతాయి, సెకండ్‌హ్యాండ్ షాపుల్లోనూ మంచివి దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. ఉన్ని సాక్స్ వేసుకున్నాక కూడా వేళ్లు కదిలేంత వదులుండాలి, బిగుతైతే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. చేతులకి ఐదు వేళ్ల గ్లవ్స్ కంటే వేళ్లన్నీ కలిసుండే మిటెన్స్ నయం.

మన ఆడవాళ్లకి ఇంకో మాట: పెద్ద జుంకాలు, లోహపు గాజులు బయటికి వెళ్లేటప్పుడు తీసేయండి, లోహం చలిని నేరుగా చర్మానికి అంటిస్తుంది. తలస్నానం చేసి తడి జుట్టుతో ఎవరూ బయటికి వెళ్లకండి, జుట్టు నిజంగానే గడ్డకడుతుంది.

ముక్కు, చెవులు, వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ పోతే వెంటనే లోపలికి వచ్చేయాలి. బామ్ రాసి రుద్దడం, హీటర్ ముందు పెట్టడం, మరిగే నీళ్లలో ముంచడం వద్దే వద్దు. గోరువెచ్చటి నీళ్లు మాత్రమే వాడాలి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంట్లో హీటింగ్ వల్ల గాలి బాగా పొడిగా ఉంటుంది. పెదవులు పగలడం, పిల్లలకి ముక్కులోంచి రక్తం రావడం మామూలే, గాలికి తేమనిచ్చే చిన్న హ్యూమిడిఫైయర్ పెట్టుకోండి. కిటికీలు తెరిచే వీలుండదు కాబట్టి పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, జాకెట్లను క్లోజెట్‌లో పెట్టి తలుపు మూయండి. లేకపోతే ఇంగువ వాసన ఆఫీసు దాకా వస్తుంది. బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లు ఒకటి మరవద్దు: బయటి గోడకి ఉండే ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) గొట్టాల ముందు స్నో పేరుకుంటే తీసేయాలి. అవి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదముంది. అలారం పనిచేస్తోందో లేదో దిగిన రోజే నొక్కి చూడండి.

కార్ల ముందు ప్లగ్గు వైరు వేలాడుతుంటే అవన్నీ ఎలక్ట్రిక్ కార్లు అనుకోకండి. అది ఇంజిన్ని ముందుగా వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ వైరు. మైనస్ 15 కిందికి దిగితే బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు ప్లగ్గు పెట్టాలి, టైమర్ ఉంటే కరెంటు బిల్లు తగ్గుతుంది. చలి బాగా ముదిరితే రోడ్ల మీద ఉప్పు పనిచేయదు, ఇసుక చల్లుతారు. నడిచేటప్పుడు పాదం మొత్తం ఆనించి చిన్న చిన్న అడుగులు వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి.

ఇన్ని చెప్పానని నెలంతా ఇంట్లోనే కూర్చోవద్దు. రెడ్, అసినిబోయిన్ నదులు కలిసే ది ఫోర్క్స్ దగ్గర, ఐస్ తగినంత గట్టిపడ్డాక నది మీదే స్కేటింగ్ దారి తెరుస్తారు. స్కేట్లు అద్దెకిస్తారు, స్కేటింగ్ రానివాళ్లు బూట్లతోనే నడవొచ్చు. వెళ్లే ముందు దారి తెరిచారో లేదో చూసుకోండి, గుర్తులు పెట్టిన దారి దాటి నది మీద మరెక్కడా కాలు పెట్టకండి.