పంచదార తగ్గించిన కూల్‌డ్రింక్ ఇంట్లో కుదరట్లేదా? సమస్య - పరిష్కారం

330 మి.లీ. మామూలు కోలా డబ్బాలో పంచదార 35 గ్రాముల దాకా ఉంటుంది. అంటే దాదాపు తొమ్మిది టీస్పూన్లు. ఇంట్లో చేసుకుంటే దాన్ని రెండు స్పూన్లకు దించడం పెద్ద పనేం కాదు, దించాక వచ్చే తిప్పలే అసలు సంగతి. పంచదార తీపి ఒక్కటే ఇచ్చి ఊరుకోదు. పులుపునూ చేదునూ కప్పేస్తుంది, నోటికి కాస్త చిక్కగా తగిలేలా చేస్తుంది, సిరప్‌ను చెడిపోకుండా కాపాడుతుంది. దాన్ని తీసేయగానే ఇన్నాళ్లూ దాని చాటున దాగిన లోపాలన్నీ బయటపడతాయి. కింది సమస్యల్లో చాలావరకు అలా పుట్టినవే, మిగిలినవి చల్లదనంతో వచ్చేవి.

కొలతల్లో గ్లాసు అంటే 250 మి.లీ., టీస్పూన్ అంటే తలకొట్టి కొలిచిన 5 మి.లీ.

కలిపినప్పుడు బాగుంది, ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పగా ఉంది

నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది. గది వేడిమిలో రుచి చూసి సరిపెట్టిన డ్రింక్ 5 డిగ్రీల దగ్గర చప్పబడక తప్పదు. కాబట్టి రుచి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. రెండు స్పూన్ల డ్రింక్‌ను చిన్న గిన్నెలో పోసి, ఐదు నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి చూస్తే చాలు.

పంచదార సగం చేశాక పులుపు పళ్లకు పడుతోంది

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోయి మళ్లీ పంచదార డబ్బా మూత తీస్తారు. తప్పు పంచదారది కాదు, నిమ్మరసానిది. తీపి తగ్గించి పులుపును అలాగే ఉంచేశారు. నాలుక చూసేది ఆ రెండింటి పొత్తునే. గ్లాసుకు ఆరు టీస్పూన్ల పంచదార, మూడు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం వేసే అలవాటుంటే, రెండు టీస్పూన్లకు దిగినప్పుడు నిమ్మరసం ఒక్క టేబుల్‌స్పూన్‌కు, అంటే 15 మి.లీ.కు దిగాలి. అప్పుడు డ్రింక్ పలచగా అనిపిస్తుందే తప్ప పుల్లగా ఉండదు. ఆ పలచదనాన్ని వాసనతో పూడ్చుకోవాలి: నలిపిన నాలుగు పుదీనా ఆకులో, దంచి పిండిన అరస్పూన్ అల్లం రసమో, గోటి వెడల్పు నిమ్మ తొక్క పైపొర ముక్కో. ఇవేవీ పంచదారను పెంచవు.

ఒకేసారి రెండు స్పూన్లకు దిగాలని పట్టు పట్టొద్దు. వారానికో అరస్పూన్ చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక పేచీ పెట్టదు.

అడుగున తీపి, పైన పులుపు

చల్లటి నీళ్లలో పంచదార కరగదని కాదు, బాగా నెమ్మదిగా కరుగుతుంది. బరువులో సమానంగా, 100 గ్రా. పంచదార, 100 గ్రా. నీళ్లు కలిపి, కరిగేదాకా వేడిచేసి చల్లార్చి సీసాలో పెట్టుకోండి. ఈ సిరప్ ఒక టేబుల్‌స్పూన్‌లో సుమారు 9 గ్రా. పంచదార ఉంటుంది కాబట్టి లెక్క కూడా తేలిక. ఫ్రిజ్‌లో మూడు వారాలు నిలుస్తుంది. తీపి తగ్గుతుంది కదా అని సిరప్‌నే పలచగా కాచారో, వారం తిరక్కుండానే దారాల్లాంటి బూజు తేలుతుంది. సిరప్ చిక్కగానే ఉండాలి, వేసేటప్పుడు తక్కువ వేసుకోవాలి.

తేనె వాడినా ఇదే పద్ధతి. తేనెలోనూ ఉన్నది చక్కెరలే. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

పంచదార బదులు స్టీవియా వేస్తే గొంతులో చేదు నిలుస్తోంది

మోతాదు మించింది. స్టీవియా అనే మొక్క ఆకుల నుంచి తీసే ఈ తీపి ఆలస్యంగా మొదలై ఆలస్యంగా పోతుంది, పోతూ పోతూ చేదు వదిలిపెడుతుంది. ఒక టీస్పూన్ పంచదార ఉంచి, మిగతా తీపికి మాత్రమే దాన్ని వాడండి. పంచదార ముందు తగులుతుంది, స్టీవియా వెనక అందుకుంటుంది.

నిమ్మ, నారింజ డ్రింక్ చేదెక్కింది

ఎప్పుడు చేదెక్కిందో గుర్తు తెచ్చుకోండి. పిండగానే చేదుంటే తప్పు చేతిది: చెక్కను మెలిపెట్టి పిండారు, తొక్క కింది తెల్లపొర నలిగింది, లేదా కాయను గింజలతో సహా మిక్సీలో తిప్పారు. పిండినప్పుడు బాగుండి గంటా రెండు గంటల తర్వాత చేదెక్కితే అది వేరే కథ. గింజల్లో, పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. రసంలోని పులుపు తగిలాక అది మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. లిమోనిన్ గట్టి చేదు. నావెల్ రకం నారింజల్లో ఈ గొడవ బాగా ఎక్కువ, ఆ రసాన్ని పిండిన వెంటనే తాగేయడమే మేలు.

చెక్కను గుజ్జు ఊడేదాకా కాకుండా రసం ధార ఆగేవరకే నొక్కి, వెంటనే సన్న జల్లెడలో వడకట్టండి. జల్లెడలో మిగిలిన పిప్పిని గరిటెతో రుద్దొద్దు, చేదంతా అక్కడే ఉంది. ఇప్పటికే చేదెక్కిన గ్లాసుకు పంచదార కాదు మందు, ఉప్పు. రెండు వేళ్ల మధ్య పట్టినంత వేసి కలపండి. సోడియం చేదును నాలుకకు అందనివ్వదు. అంతకన్నా ఎక్కువ వేస్తే ఉప్పదనం బయటపడుతుంది, ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని కూడా తలకిందులవుతుంది.

సోడాలో గ్యాస్ నిలవట్లేదు

నీళ్లు చల్లగా లేవు. పదిలో తొమ్మిదిసార్లు ఇదే. మామూలు పీడనం దగ్గర లీటరు నీళ్లు 20 డిగ్రీల వద్ద సుమారు 1.7 గ్రా. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటాయి. సున్నా డిగ్రీల దగ్గరికొస్తే 3.3 గ్రా., అంటే దాదాపు రెట్టింపు. సోడా మెషీన్ సీసాను నీళ్లతో సహా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే గ్యాస్ ఎక్కించండి. ఎక్కించాక మూత బిగించి మరో అరగంట ఫ్రిజ్‌లో పెడితే గ్యాస్ కుదురుకుంటుంది. సీసాలో సగం తాగి సగం దాచుకుంటే, ఖాళీ ఎంత పెద్దదైతే అంత గ్యాస్ అందులోకి పోతుంది. చిన్న సీసాలు రెండు వాడితే ఈ నష్టం తగ్గుతుంది.

గ్లాసు కూడా చూసుకోండి. వెచ్చటి గ్లాసులో, లోపల తుడిచిన గుడ్డ నూగు అంటుకున్న గ్లాసులో సోడా పోస్తే బుడగలు పోటీపడి లేస్తాయి. కడిగి బోర్లించి ఆరబెట్టిన చల్లటి గ్లాసే మంచిది.

సోడా పోయగానే పొంగి బల్లంతా అయింది

గరుకైన రేణువు ఏది తగిలినా గ్యాస్ దాని చుట్టూ బుడగలై బయటికొస్తుంది. ఉప్పు, పంచదార, పండ్ల గుజ్జు అన్నీ అలాంటివే. సోడాలో ఉప్పు చల్లడమంటే పొంగమని పిలవడమే. వరుస మార్చండి: గ్లాసులో ముందు సిరప్, నిమ్మరసం, ఉప్పు కలిపి పూర్తిగా కరిగించాలి. తర్వాత గ్లాసును వంచి, సోడాను అంచు వెంట జారనివ్వాలి. చివర్లో స్పూన్‌తో అడుగు నుంచి పైకి ఒక్కసారే ఎత్తి వదలాలి, గిరగిరా తిప్పొద్దు. ఇక మెషీన్‌లో నీళ్లకు తప్ప రసానికీ సిరప్ కలిపిన నీళ్లకూ గ్యాస్ ఎక్కించొద్దు. నురగ నాజిల్‌లోకి పోయి గట్టిపడితే శుభ్రం చేయడం నరకం.

ఐస్ వేశాక నీళ్ల రుచి వస్తోంది

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గరున్న గ్లాసెడు డ్రింక్‌ను ఐస్‌తో 5 డిగ్రీలకు దించాలంటే సుమారు 75 గ్రా. ఐస్ కరగాలి. అంటే 250 మి.లీ. కాస్తా 325 అవుతుంది. డ్రింక్‌ను ముందే ఫ్రిజ్‌లో చల్లార్చి ఐస్ వేస్తే అందులో చాలా కొద్దిగానే కరుగుతుంది. తొందరలో ఉంటే, కలిపేటప్పుడే గ్లాసుకు 75 మి.లీ. నీళ్లు తగ్గించండి.

ఫ్రిజ్‌లో పెట్టిన ఐస్‌టీ మబ్బుగా మారింది

చెడిపోలేదు. చిక్కగా కాచిన టీ చల్లబడితే అందులోని వగరునిచ్చే పాలీఫినాల్స్, కెఫీన్ ఒకదానికొకటి అతుక్కుని తెల్లటి మబ్బుగా తేలతాయి. కొద్దిగా మరిగే నీళ్లు పోస్తే మళ్లీ తేటపడుతుంది. అసలు కాచకుండానే చేయొచ్చు: లీటరు చల్లటి నీళ్లలో 8 గ్రా. టీ ఆకు వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో 6 నుంచి 8 గంటలు ఉంచి వడకట్టండి. చల్లటి నీళ్లు వగరును తక్కువగా లాగుతాయి కాబట్టి ఈ టీకి పంచదార లేకున్నా లోటు తెలియదు.

పాలతో కలిపిన పండ్ల డ్రింక్ విరిగింది, చేదైంది

ఉడికించని అనాసలో బ్రోమెలైన్, కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైములు ఉంటాయి. అవి పాల మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలు చేదు. పచ్చి అల్లం రసంలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది. అనాస ముక్కలను రెండు మూడు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే ఎంజైము పనిచేయదు. డబ్బాలో వచ్చే అనాస ముందే వేడిలో ఉడికింది కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

యాపిల్, పియర్, అరటి రంగు మారడం కూడా ఎంజైము పనే, కానీ రుచికి పెద్ద నష్టం లేదు. మిక్సీ జార్‌లో పండు ముక్కలకన్నా ముందు గ్లాసుకో టీస్పూన్ నిమ్మరసం పోయండి. గుజ్జు పైకీ నీళ్లు కిందికీ విడిపోతే కలుపుకుని తాగడమే.

ఒక మాట: "పంచదార వేయలేదు, వట్టి పండ్ల రసమే" అని రోజూ పెద్ద గ్లాసులు తాగేవాళ్లున్నారు. గ్లాసెడు నారింజ రసంలో సహజంగానే 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు రసంలోని చక్కెరనూ తేనెనూ కలిపిన పంచదారతో పాటే లెక్కిస్తాయి. రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములకు దించితే ఇంకా మంచిదని అంటాయి. మూడో వంతు రసం, రెండు వంతుల సోడా కలిపితే రుచీ మిగులుతుంది, లెక్కా మిగులుతుంది.

ఈస్ట్‌తో చేసిన అల్లం సోడాలో బుడగలే లేవు, లేదా సీసా రాయిలా గట్టిపడింది

ముందు సరైన కొలత. 30 గ్రా. అల్లం తురిమి, గ్లాసు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. 50 గ్రా. పంచదార, 30 మి.లీ. నిమ్మరసం వేసి, చల్లటి నీళ్లతో లీటరు చేయండి. చేత్తో తాకితే వెచ్చదనం తెలియనంత చల్లారాక బ్రెడ్ ఈస్ట్ ఒక టీస్పూన్‌లో ఎనిమిదో వంతు వేసి కలపండి. సోడా వచ్చే ప్లాస్టిక్ సీసాలో, మెడ దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ వదిలి పోసి, మూత గట్టిగా బిగించండి.

బుడగలు రాకపోతే మూడు చోట్ల వెతకాలి. ద్రవం వేడిగా ఉన్నప్పుడే ఈస్ట్ వేశారేమో, 50 డిగ్రీలు దాటితే అది చచ్చిపోతుంది. ఈస్ట్ పాతదేమో: గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదారతో పాటు కలిపి పది నిమిషాలు ఉంచితే నురగ రావాలి. లేదా పంచదార బదులు స్టీవియా వాడారేమో, ఈస్ట్ దాన్ని తినలేదు, తినకపోతే గ్యాస్ లేదు.

ఎక్కువైతే మాత్రం ప్రమాదం. నాలుగు గ్రాముల పంచదార తిన్న ఈస్ట్ సుమారు రెండు గ్రాముల గ్యాస్ వదులుతుంది. మంచి సోడాకు లీటరుకు ఐదారు గ్రాములు చాలు, అంటే 12 గ్రా. లోపు పంచదార ఖర్చయ్యేసరికి పని పూర్తయినట్టే. సీసాలో ఇంకా 40 గ్రాముల దాకా మిగిలే ఉంటుంది, బయటే వదిలేస్తే ఈస్ట్ దాన్నీ తినేస్తుంది. అందుకే గాజు సీసా వద్దేవద్దు, పగిలితే పెంకులు కళ్లలో పడతాయి. 25-30 డిగ్రీల గదిలో 12 గంటల నుంచే సీసా పొట్టను నొక్కి చూస్తుండాలి. బొటనవేలికి కొద్దిగా కూడా లొంగకపోతే ఆ నిమిషమే ఫ్రిజ్‌లోకి మార్చి, కనీసం 24 గంటలు చల్లారనివ్వాలి. మూతను పావు మెలిక తిప్పి, బుస్సుమన్న చప్పుడు ఆగాక, మళ్లీ పావు మెలిక తిప్పాలి. నురగ మెడలోకి ఎక్కితే బిగించేసి రెండు నిమిషాలు ఆగాలి.

గ్యాస్‌తో పాటు దాదాపు అంతే బరువు ఆల్కహాల్ కూడా పుడుతుంది. వేళకు ఫ్రిజ్‌లో పెట్టినా అర శాతం పైచిలుకు ఉండొచ్చు. పిల్లలకు, గర్భిణులకు ఇది కాకుండా మెషీన్ సోడాలో అల్లం రసం కలిపి ఇవ్వండి. ఫ్రిజ్‌లో కూడా ఈస్ట్ పూర్తిగా నిద్రపోదు, వారంలోపు సీసా ఖాళీ చేసేయాలి.