అక్షరాలు చేతిలో ఉన్నా ఇంగ్లిష్ పదం దొరకడం లేదా?

ఎంవీపీ కాలనీలో మా ఇంటికి మేనకోడలు సాయంత్రం ఆరయ్యేసరికి అక్షరాల బిళ్లలతో ఇంగ్లిష్ పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట పెట్టె పట్టుకుని వచ్చేస్తుంది. పది నిమిషాలు కాకుండానే "మావయ్యా, వీటితో పదమే రాదు" అంటుంది. ఇన్నాళ్లుగా చూస్తున్నాను, దాదాపు ప్రతిసారీ పదం ఉంటుంది. వెతికే పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంటుంది. ఆ తేడాలు ఎక్కడ వస్తాయో, ఎలా సరిచేసుకోవాలో రాస్తున్నాను.

సమస్య: ఫోన్‌లో వెతికితే సంబంధం లేని పదాలు వస్తున్నాయి

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. "ఎ, టి, ఇ ఉన్న పదాలు కావాలి" అన్నామంటే అందులో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి.

మొదటిది, ఆ మూడూ ఎక్కడో ఒకచోట ఉండాలి, వేరే అక్షరాలు కలిసినా పర్వాలేదు. అప్పుడు టేబుల్, హార్ట్, స్టేజ్ అన్నీ వస్తాయి. రెండోది, ఆ మూడూ అదే వరుసలో పక్కపక్కనే ఉండాలి. అప్పుడు వాటర్, ప్లేట్, లేట్ వస్తాయి గానీ టేబుల్ రాదు. మూడోది, ఆ మూడు మాత్రమే ఉండాలి. అప్పుడు మిగిలేవి టీ, ఈట్ లాంటి చిన్న పదాలే. స్క్రాబుల్‌కీ, పేపర్లో తారుమారు చేసిన అక్షరాలతో వచ్చే జంబుల్‌కీ కావాల్సింది ఈ మూడోది. అయిదక్షరాల పదాన్ని ఊహించే వర్డిల్ ఆటలో పసుపు గడులు (అక్షరం పదంలో ఉంది, చోటు మాత్రం వేరు) వచ్చినప్పుడు కావాల్సింది మొదటిది.

చాలా చోట్ల వెతికే పెట్టెలో మూడక్షరాలూ కలిపి కొడితే అది రెండో ప్రశ్నగా తీసుకుంటుంది. మనకు కావాల్సింది మొదటిదో మూడోదో అయి ఉంటుంది. అందుకే టైప్ చేసే ముందు "ఉండాలా, వరుసగా ఉండాలా, అవి మాత్రమే ఉండాలా" అని ఒకసారి అనుకోండి.

మీ దగ్గర పదాల జాబితా ఎక్సెల్‌లో ఉంటే కౌంటిఫ్స్ ఫార్ములా చాలు. పదం ఉన్న గడినే మూడుసార్లు ఇచ్చి, ప్రతిసారీ ఒక్కో అక్షరాన్ని రెండు నక్షత్రం గుర్తుల మధ్య పెట్టండి. మూడూ ఉన్న పదం పక్కన 1 పడుతుంది, లేకపోతే 0. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా ఈ ఫార్ములాకు పట్టదు.

సమస్య: పదం ఉందని తెలుసు, అయినా జాబితాలో రాలేదు

కారణం రెండుసార్లు రావాల్సిన అక్షరం. వాల్తేరును ఇంగ్లిష్‌లో రాస్తే డబ్ల్యూ, ఎ, ఎల్, టి, ఎ, ఐ, ఆర్. అందులో ఎ రెండుసార్లుంది. "మాత్రమే" అని వెతికేటప్పుడు ఎ ఒక్కసారే కొడితే ట్రయల్, వెయిట్, రెయిల్ వస్తాయి గానీ ఆల్టర్ (బలిపీఠం), అవెయిట్ రావు. బిళ్లలు ఎన్ని ఉంటే అన్నిసార్లూ కొట్టాలి. ఎక్సెల్‌లో అయితే నక్షత్రం, ఎ, నక్షత్రం, ఎ, నక్షత్రం అని ఇస్తే కనీసం రెండు ఎలు ఉన్న పదాలే లెక్కలోకి వస్తాయి.

సమస్య: ఫోన్ లేకుండా అయితే బుర్రకు ఏమీ తట్టడం లేదు

నాకు ఎక్కువ ఇష్టమైన సమస్య ఇదే. తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం కాబట్టి ఇంగ్లిష్ పదాన్ని కూడా చెవితోనే వెతుకుతాం. జి, ఎన్, ఎ, టి ఇచ్చి చూడండి. పిల్లలు ట్యాంగ్ అంటారు. చిన్న దోమ లాంటి పురుగు న్యాట్ మాత్రం వాళ్లకు తట్టదు, ఎందుకంటే అందులో జి పలకదు. రిస్ట్‌లో డబ్ల్యూ, నీ అంటే మోకాలులో కె కూడా అంతే. ట్రయల్, ట్రెయిల్ సంగతి ఇంకోలా ఉంటుంది. చెవికి రెండూ వేరు, అక్షరాలు మాత్రం అవే అయిదు.

అందుకని ముందు పలకని జంటలు ఉన్నాయేమో చూడాలి: కె-ఎన్, జి-ఎన్, డబ్ల్యూ-ఆర్. తర్వాత ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్ లాంటి తోకలు పక్కకు తీయాలి. మిగిలినవాటిని కాగితం మీద వరుసగా కాకుండా గుండ్రంగా రాయండి. వరుసలో ఉంటే కన్ను ఆ వరుసనే చదువుతూ ఉంటుంది. అన్ని కూర్పులూ రాసి చూద్దామంటే కుదరదు. వాల్తేరు ఏడక్షరాలకే 2520 వరుసలొస్తాయి.

మొన్న మా పిల్ల ఆ ఏడు బిళ్లలతోనే కూర్చుంది. వెయిట్ పేర్చి చాలాసేపు చూసి, మిగిలిన ఎ బిళ్లను వేలితో మెల్లగా దాని ముందుకు జరిపింది. అవెయిట్! నేను నోరు తెరవలేదు. పిల్లలతో ఆడేటప్పుడు పదం మనం చెప్పేయకూడదు, వాళ్లు వెతుక్కున్న పదమే వాళ్లకు గుర్తుంటుంది.

సమస్య: పదం దొరికింది, ఆట ఒప్పుకోవడం లేదు

మన బడుల్లో బ్రిటిష్ స్పెల్లింగ్ నేర్పుతారు. వర్డిల్ అమెరికా పద్ధతిలో నడుస్తుంది. ఫేవర్ మనకు ఆరక్షరాలు, వాళ్లకు యు లేకుండా అయిదే. ఫైబర్‌కు రెండు పద్ధతుల్లోనూ అయిదే, కానీ చివర ఆర్-ఇ, ఇ-ఆర్ తారుమారు అవుతాయి. అక్షరం సరైన చోట పడక గడి పచ్చగా కాకపోతే ముందు ఇది చూసుకోండి.

స్క్రాబుల్‌లో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. వైజాగ్ అని పేరిస్తే వి 4, ఐ 1, జెడ్ 10, ఎ 1, జి 2, మొత్తం 18 పాయింట్లు కనిపిస్తాయి గానీ ఒక్కటీ రాదు. అవే బిళ్లల్లోంచి జెడ్, ఎ, జి తీసి జాగ్ పెట్టండి, 13 వస్తాయి. ఉత్తర అమెరికాలో ఒక పదాల జాబితా, మిగతా చోట్ల ఎక్కువగా కాలిన్స్ జాబితా వాడతారు. ఒకదాంట్లో చెల్లేది రెండోదాంట్లో చెల్లకపోవచ్చు. మొదటి బిళ్ల పెట్టకముందే ఏ జాబితా ప్రకారం ఆడుతున్నారో అనుకుంటే గొడవ ఉండదు.