ఇంగ్లాండ్‌లో కూలి చేసిన ముత్తాతని రికార్డుల్లో వెతికే ముందు

పుట్టుక, పెళ్లి సర్టిఫికెట్లకి డబ్బు కట్టే ముందే ఇవి చూసుకోండి.

– 1841 సెన్సస్‌లో వయసు నమ్మొద్దు. 15 దాటినవాళ్ల వయసుని కిందున్న 5 గుణిజానికి తగ్గించి రాయమన్నారు, అంటే 39 ఏళ్ల మిల్లు కూలీ 35 అయిపోతాడు, కొందరు ఎన్యూమరేటర్లేమో (సెన్సస్ వివరాలు రాసుకునేవాళ్లు) అసలు వయసే రాసేశారు, పైగా ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో ఉండదు, ఒకే ఇంట్లో ఉన్నారు కదా అని పిల్లలందర్నీ ఆయనకే కట్టేస్తే వేరేవాళ్ల వంశం మీ నెత్తిన పడుతుంది. 1851లో బంధుత్వం, పుట్టిన ఊరు రెండూ ఉంటాయి, ముందు అది చూసి వెనక్కి రండి.

– ప్రభుత్వ రిజిస్ట్రేషన్ మొదలైంది 1837 జులైలో, అంతకు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. 1875 దాకా పుట్టుక నమోదు చేయించకపోయినా పెద్దగా పట్టించుకోలేదు, ప్రభుత్వ పుట్టుకల ఇండెక్స్‌లో పేరు లేకపోతే చర్చి రిజిస్టర్‌లో బాప్టిజం చూడండి.

– స్పెల్లింగ్ పట్టుకుని కూర్చోకండి. చదువు రానివాళ్లు పేరు చెప్తే గుమస్తా తనకి వినపడినట్టు రాసుకునేవాడు. పెళ్లి రిజిస్టర్‌లో సంతకం చోట ఇంటూ గుర్తు కనిపిస్తే నాకైతే గుండె పట్టేస్తుంది, చాలామంది కూలీలు తమ చేత్తో కాగితం మీద వదిలింది అదొక్కటే.

– వర్క్‌హౌస్ (గతిలేని పేదలకి తిండీ చోటూ ఇచ్చి పని చేయించుకున్న చోటు) రిజిస్టర్లని పరువు తక్కువని దాటేయొద్దు.