మీ చెక్ దేశం మూడో అధ్యాయానికే జర్మన్ ఎందుకు మాట్లాడుతోంది? (సమస్య - పరిష్కారం)

"యూరప్ బయట చెక్ మాట్లాడే దేశం ఒకటి ఉంటే" అంటూ ప్రత్యామ్నాయ చరిత్ర రాసి నా దగ్గరికి తెచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరి డ్రాఫ్ట్ తెరిచినా దాదాపు అదే చోట కూలుతుంది. చరిత్ర మలుపు ఎక్కడ పెట్టాలో, మ్యాప్ ఎలా గీయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. 1620 నవంబర్ 8న ప్రాగ్ పక్కన తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లు ఓడిపోయారనీ, 1627లో వచ్చిన కొత్త శాసనం "క్యాథలిక్కులు అవుతారా, దేశం వదిలి పోతారా" అందనీ కూడా మళ్లీ చెప్పను.

జెండా రంగులు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్కటి చూడండి: మీరు ఓడ ఎక్కించినవాళ్లు ఇంట్లో పిల్లల్ని ఏ భాషలో తిడతారు? ఏ రాజ్యం నుంచి వచ్చారు, ఏ చర్చికి వెళ్తారు అని నేను అడగడం లేదు. ఇంట్లో ఏ భాష అని అడుగుతున్నాను. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే వదిలేస్తారు.

సమస్య: పేరుకి చెక్ దేశం, లోపలంతా జర్మన్

లక్షణం ఇలా ఉంటుంది. రచయిత 1741లో పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ ఊరు కట్టిస్తాడు. కట్టినవాళ్లు మొరావియన్లు, అంటే ఆ పేరున్న ప్రొటెస్టెంట్ సంఘంవాళ్లు. మొరావియా అంటే చెక్ ప్రాంతమే కదా అని అక్కడి నుంచి కథ పరుగెత్తిస్తాడు. స్వాతంత్ర్యం, రాజ్యాంగం, చెక్ పార్లమెంటు అన్నీ వచ్చేస్తాయి. చదివేవాడికి మాత్రం ఏదో తేడా కొడుతుంటుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, చావు కబుర్లు, అన్నీ జర్మన్ వాసనే వేస్తాయి.

ఈ గోతిలో నేనూ పడ్డాను. నలభై పేజీలు రాసుకుని, మంచి ఊపులో ఉండగా ఒక ఫ్రెండ్‌కి చూపించాను. తను రెండు పేజీలు తిప్పి ఒకే ప్రశ్న వేసింది: "మరి వీళ్లు ప్రార్థన పాటలు ఏ భాషలో పాడారు?" వెళ్లి చూశాను. జర్మన్‌లో. నలభై పేజీలూ గోవిందా.

కారణం మొత్తం పేరులోనే దాక్కుని ఉంది. ఈ మొరావియన్లకు మూలమైన సహోదర సంఘం 1457లో, మొరావియా పక్కనున్న చెక్ ప్రాంతం బొహీమియాలోని కున్వాల్డ్‌లో పుట్టింది. అప్పట్లో అది నిఖార్సైన చెక్ సంఘమే. క్రాలిట్సే బైబిల్‌ను చెక్‌లో అచ్చేసింది వీళ్లే. తెల్లకొండ తర్వాత సంఘం చెదిరిపోయింది. పెద్దల్లో ఒకడైన కొమెన్‌స్కీ 1628లో పోలండ్‌లోని లెష్నోకి వెళ్లాడు, చివరికి 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశాడు. అక్కడితో పాత కథ దాదాపు అయిపోయింది.

తిరిగి లేచింది 1722లో, జర్మన్ రాజ్యం సాక్సనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు జమీనులో కట్టుకున్న హెర్న్‌హూట్ ఊళ్లో. అక్కడికి మొదట మనుషుల్ని తీసుకొచ్చింది క్రిస్టియాన్ డేవిడ్ అనే వడ్రంగి. వాళ్లు ఉత్తర మొరావియా నుంచే వచ్చారు, నిజమే. కానీ అక్కడి పల్లెల్లో మాట్లాడేది జర్మన్. మొరావియా అనేది ప్రాంతం పేరు. అందులో చెక్ ఊళ్లున్నాయి, జర్మన్ ఊళ్లున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చాడంటే ఇంట్లో తెలుగే మాట్లాడతాడని లెక్క వేయం కదా, ఇదీ అంతే.

ఇంకా నమ్మకం కుదరకపోతే డేవిడ్ జైస్‌బర్గర్‌ని చూడండి. 1721లో ఆ పల్లెల్లోనే పుట్టి, అమెరికాలో డెలావేర్ తెగవాళ్ల మధ్య మిషనరీగా జీవితమంతా గడిపాడు. ఆయన తయారు చేసిన నిఘంటువు 1887లో అచ్చయింది. అందులో నాలుగు భాషలున్నాయి: ఇంగ్లిష్, జర్మన్, ఒనొండాగా, డెలావేర్. చెక్‌కి ఒక్క వరుస కూడా లేదు. ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ తీరానికి వెళ్లిన మొరావియన్లదీ ఇదే కథ. అక్కడి ఇన్యూట్‌లు వాళ్ల దగ్గర అంకెలు అరువు తెచ్చుకున్నారు. ఆ అంకెలు జర్మన్‌వి.

పరిష్కారం: సంఘాన్ని అలాగే ఉంచండి, మనుషుల్ని మార్చండి. అదే కాలంలో తూర్పు బొహీమియాలోని చెర్మ్‌నా చుట్టుపక్కల నుంచి ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన ప్రొటెస్టెంట్లు అచ్చంగా చెక్ మాట్లాడేవాళ్లు. అసలు చరిత్రలో 1737లో ప్రష్యా రాజు వాళ్లలో 18 కుటుంబాలకు బెర్లిన్ పక్కన రిక్స్‌డార్ఫ్‌లో చోటిచ్చాడు. మీకు కావాల్సింది వీళ్లు. రాజు కంటే ముందు ఇంకెవరైనా పిలిస్తే చాలు. దానికి గాలిలో మేడలు కట్టనక్కర్లేదు. 1733లో అమెరికాలో మొదలైన బ్రిటిష్ వలస రాజ్యం జార్జియా మత హింస నుంచి పారిపోయివచ్చిన సాల్జ్‌బర్గ్ ప్రొటెస్టెంట్లను 1734లోనే ఓడల్లో రప్పించుకుంది. ఆ ఓడల వెనక చెర్మ్‌నావాళ్ల ఓడ ఒకటి పెట్టండి. ఇంత చిన్న మలుపు చాలు, ఎవరూ నోరెత్తరు.

సమస్య: మనుషులున్నారు, మూడో తరం లేదు

ఇది ఎక్కువగా సైబీరియా డ్రాఫ్టుల్లో వస్తుంది. 1918లో చెకోస్లోవాక్ లీజియన్ (రష్యా పక్షాన పోరాడిన చెక్, స్లోవాక్ సైనికుల దళం) చేతిలో ట్రాన్స్‌సైబీరియన్ రైలు మార్గం ఉంది, తుపాకులున్నాయి, రైళ్లున్నాయి. ఇంకేం, ఆ మార్గం తూర్పు కొసన ఉన్న రేవు వ్లదివోస్తోక్‌లో జెండా ఎగరేస్తే సరి అనుకుంటారు.

1920 నాటికి అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు మొత్తం దాదాపు 67 వేలు. వాళ్లలో భార్యలు 1,700 పైచిలుకు, పిల్లలు 700 పైచిలుకు. ఆ పెళ్లిళ్లు జరిగిందీ ఎక్కువగా రష్యాలోనే. అమ్మ రష్యన్‌లో లాలి పాడితే పిల్లాడు చెక్ ఎక్కడ నేర్చుకుంటాడు? పైగా 1918 అక్టోబర్ 28న స్వదేశంలో సొంత రిపబ్లిక్ వచ్చేసింది. ఇంటికి పోవాలని తప్ప వాళ్లకు వేరే ధ్యాస లేదు. సైబీరియాని ఎంత లాగినా ఈ రెండూ అడ్డు తగులుతాయి. నా మాట వినండి, ఆ డ్రాఫ్ట్ వదిలేయండి.

ఒక్క మనిషి మీద దేశం కట్టేవాళ్లకూ ఇదే జబ్బు. ప్రాగ్‌లో పుట్టిన ఆగస్టీన్ హెర్మన్ వర్జీనియా, మేరీల్యాండ్ మ్యాప్ గీశాడు. అది 1673లో అచ్చయింది. మ్యాప్ పనికి బదులుగా దక్కిన భూమికి బొహీమియా మేనర్ అని పేరు పెట్టుకున్నాడు. బొహీమియా నది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన భార్య మాత్రం న్యూ ఆమ్‌స్టర్‌డామ్ డచ్ అమ్మాయి. నదికి పేరు మిగిలింది, ఇంట్లో భాష మిగల్లేదు.

పరిష్కారానికి క్యూబెక్ లెక్క చూడండి. ఫ్రాన్స్ రాజు 1663 నుంచి 1673 దాకా దాదాపు 800 మంది పెళ్లికాని అమ్మాయిల్ని పంపాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ నుంచి పెద్దగా జనం రాకపోయినా, ఇంగ్లిష్‌వాళ్లు ఆక్రమించేనాటికి అక్కడ 60 వేలకు పైగా ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లున్నారు. మీ జార్జియా చెక్‌లకూ ఇలాంటి పదేళ్లు కావాలి. చెర్మ్‌నా నుంచి, ఆ పక్క ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే రావాలి. 18 ఇళ్లతో ఊరవుతుంది గానీ దేశం కాదు.

సమస్య: బాగానే సాగి, స్కూలు దగ్గర చచ్చిపోతుంది

టెక్సాస్‌కి 1850ల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా మొరావియావాళ్లే, ఈసారి నిజంగా చెక్ మాట్లాడేవాళ్లు. ప్రాహా అనే ఊరు కూడా పెట్టుకున్నారు. కొన్ని తరాలు నిలిచింది కూడా. తర్వాత ఇంగ్లిష్ బడి, టౌన్‌లో ఉద్యోగం, బయటి పెళ్లిళ్లు. ఇప్పుడు రోడ్డు పక్క బేకరీల్లో కొలాచె బన్ను దొరుకుతుంది, దాన్ని చెక్‌లో అడిగేవాళ్లు దొరకరు. మారిషస్‌లో మనవాళ్లనే చూడండి. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది, గుళ్లున్నాయి, ఇంట్లో మాత్రం క్రియోల్.

దీనికి విరుగుడు రొమేనియాలోని బనాత్ కొండల్లో ఉంది. 1820ల్లో అడవి కొట్టుకుని స్థిరపడిన గెర్నిక్, స్వాతా హెలెనా లాంటి చెక్ పల్లెల్లో రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఇంట్లో చెక్కే. దారి సరిగా లేదు, పెళ్లిళ్లు పక్క చెక్ ఊరితోనే, బడీ చర్చీ సొంత భాషలో. కాబట్టి మీ జార్జియావాళ్లను సవానా రేవు పక్కన పెట్టకండి. లోపలికి, కొండల దగ్గరికి తోయండి. ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఆ కొండలు అక్కడి మూలవాసులైన చెరోకీలవని మర్చిపోవద్దు, ఆ అధ్యాయం రాయకుండా దాటేసే డ్రాఫ్ట్ నేను చదవను.

సమస్య: పాత్రలు నిన్న ప్రాగ్ నుంచి దిగినట్టు మాట్లాడతాయి

1730ల్లో విడిపోయిన చెక్‌కి 19వ శతాబ్దంలో స్వదేశంలో జరిగిన చెక్ భాషా పునరుజ్జీవనం తగలదు. గాలికి వాడే వ్జ్‌దుఖ్, ప్రకృతికి వాడే ప్ర్షీరొదా రెండూ ఆ పునరుజ్జీవనాన్ని నడిపిన పండితుడు యుంగ్‌మన్ తరం రష్యన్ నుంచి తెచ్చుకున్న మాటలు. మీవాళ్ల నోట అవి రాకూడదు. రాతలో 'డబ్ల్యు' తీసి 'వి' పెట్టడం 1849 నాటి సంగతి, అదీ వాళ్లకు అందదు. వాళ్లకున్న పెద్ద పుస్తకం క్రాలిట్సే బైబిల్. దాని భాష మన గ్రాంథికం లాంటిది. చర్చిలో అది, పొలంలో చెర్మ్‌నా యాస. ఈ రెండూ ఒకే ఇంట్లో ఢీకొంటే మీకు కావాల్సినన్ని సీన్లు.

మిగతావి అరుదు. "సముద్రం లేని దేశం వలస ఎలా పోతుంది" అని టెన్షన్ పడకండి, ఓడ అద్దెకు దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆఫ్రికాలోని జర్మన్ వలస టోగోని చెకోస్లోవేకియాకి కట్టబెట్టే కథలుంటాయి. అసలు చరిత్రలో బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. ఒకవేళ ఇచ్చినా నలుగురు ఆఫీసర్లు వెళ్లి వస్తారు, అంతే. 1860ల మొదట్లో అమెరికా చెక్‌లు కొందరు అమూర్ నది ఒడ్డుకు వెళ్దామని రష్యాతో మాట్లాడారు. అది సరదాగా ఉంటుంది, కానీ చుట్టూ రష్యన్ బడి, రష్యన్ చర్చి. ఫలితం టెక్సాస్‌దే.

ఇవన్నీ సరిచూశాక కూడా కథ నిలబడకపోతే నాకు మ్యాప్ పంపొద్దు. మొదటి మూడు తరాల్లో ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకున్నారో, ఆ పెళ్లికూతుళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లో ఒక కాగితం మీద రాసి పంపండి.